తడిసిన పంచె, పొడి మాటలు

ముక్కు చిట్లించే అలవాటున్న పాఠకులు ఈ టపాను ఈ వాక్యంతోనే వదిలిపెట్టవచ్చు. ఇవాళ నేను రాయబోయేది ఉచ్చను గురించి. మూత్రమంటే శాస్త్రమవుతుంది, లఘుశంక అంటే సభామర్యాద అవుతుంది, అల్పాచమానమంటే మా తాతగారి గొంతు వినిపిస్తుంది, బడిపిల్లల భాషలో 'ఒకటికి' అవుతుంది. ఒంటేలు అనే చక్కని దేశ్యపదం నిఘంటువులో పడుకొని ఉంది. వెళ్ళి చేసే పనికి ఇన్ని మాటలున్న భాషలో, అది మన ప్రమేయం లేకుండా దానంతటదే వచ్చేస్తే చెప్పుకోవడానికి మర్యాదగల మాట ఒక్కటి లేదు. పసివాడైతే పక్క తడిపాడంటాం. పెద్దవాడైతే ఉచ్చ పోసుకొన్నాడంటాం. అది రోగం పేరు కాదు, పిరికిపందకు మనం తగిలించిన బిరుదు.

కూడలి వెలిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. లేఖినిలో టైపు చేసికొంటూ, అరసున్న ఉండాలా పోవాలా, బండి ఱ ఎవరికి బరువు అని అర్ధరాత్రి దాకా వాదించుకొన్నాం. అప్పుడు మనలో చాలామందిమి నలభైల్లో ఉన్నాం. ఇప్పుడు అరవైల్లో ఉన్నాం. మగవాళ్ళలో ప్రోస్టేటు గ్రంథి తన ఉనికిని చాటుకొనే వయసు కూడా సరిగ్గా ఇదే. మనలో కొందరికి ఆపరేషన్లు అయ్యాయని నాకు తెలుసు. వారు ఆ సంగతి రాయలేదని కూడా తెలుసు. గుండెకు స్టెంటు వేయించుకొన్నవారు మూడు భాగాల ధారావాహిక రాశారు. మోకాలు మార్పించుకొన్నవారు ఫొటోలు పెట్టారు. ప్రోస్టేటు ఆపరేషను చేయించుకొన్నవారు మాత్రం 'కొంత అనారోగ్యం వలన విరామం' అని ఒక వాక్యం రాసి ఊరుకొన్నారు.

నా ఫిర్యాదు ఆ మిత్రుల మీద కాదు. ఆపరేషనుకు ముందు వారికి చెప్పవలసిన మాట చెప్పని వైద్యం మీద, అయ్యాక 'వయసు మీద పడితే ఇంతే' అని తేల్చే లోకం మీద, ఈ రెండింటి నడుమా తెలుగులో ఒక్క కాగితమైనా అచ్చువేయని మన సంస్కారం మీద.

మొదట ఈ గ్రంథి పేరు సంగతి చూడండి. ప్రోస్టేటు అనేది గ్రీకు మాట నుంచి వచ్చింది. ముందు నిలుచున్నవాడు అని అర్థం. మూత్రాశయం ముంగిట కావలివాడిలా నిలబడి ఉంటుంది కనుక ఆ పేరు. హిందీ పారిభాషిక పదాలు కూర్చినవారు ఆ అర్థాన్నే పట్టుకొని 'పురఃస్థ గ్రంథి' అన్నారు. మనవాళ్ళో? 'పౌరుష గ్రంథి' అన్నారు! దానిని కోసి తీసివేస్తే రోగి పౌరుషాన్ని తీసివేసినట్టు ధ్వనించేలా పేరు పెట్టిన మహానుభావులు ఎవరో కాని, అవమానంలో సగం ఆ సమాసంలోనే కుదిర్చారు. ఇకమీదట నేను ప్రోస్టేటు అనే రాస్తాను. పరభాషాపదం వాడినందుకు నన్ను ఎవరూ మందలించనక్కరలేదు.

దాని స్థానమేమిటో తెలిస్తే మిగిలిన కథ సులువుగా బోధపడుతుంది. మా ప్రాంతంవారికి సాగరు కుడికాలువ పోలికతో చెబుతాను. మూత్రాశయం చెరువు. దాని తూముకు రెండు తలుపులు. పైతలుపు చెరువు మెడ దగ్గరే ఉంటుంది, మన ఆజ్ఞతో పని లేకుండా దానంతటదే మూసుకొని ఉంటుంది. కిందితలుపు కొంచెం దిగువన ఉంటుంది, అది మన ఇష్టాన్ని బట్టి బిగుస్తుంది. ఈ రెండు తలుపుల మధ్య కాలువను చుట్టుకొని ప్రోస్టేటు ఉంటుంది. క్యాన్సరు వచ్చి గ్రంథిని మొత్తంగా తీసివేసినప్పుడు పైతలుపు దానితోపాటు చాలావరకు పోతుంది. అప్పటిదాకా సహాయకుడిగా ఉన్న కిందితలుపు ఒక్కటే బరువంతా మోయాలి. చుట్టుపక్కల నరాలు కదిలి, కండరం వాచి ఉన్న స్థితిలో అది వెంటనే మోయలేదు. దగ్గితే, తుమ్మితే, నవ్వితే, కుర్చీలోంచి లేస్తే, బరువెత్తితే చెరువు మీద ఒత్తిడి పడి నీళ్ళు జారిపోతాయి. ఇందులో పిరికితనమెక్కడ? పౌరుషలోపమెక్కడ? ఇది తలుపుల లెక్క.

క్యాన్సరు కాక, వయసుతో గ్రంథి ఉబ్బి దారి మూసుకొన్నవారికి మూత్రమార్గం గుండా లోపలినుంచి గీకి తీసే ఆపరేషను వేరు. దానిని టీయూఆర్‌పీ అంటారు. మొదటి వారాల్లో అర్జంటుగా పరుగెత్తవలసి రావడం అందులో మామూలే కాని, శాశ్వతంగా కారడం అరుదు. సుమారుగా నూటికి ఒకరు అని వైద్యగ్రంథాలు చెబుతాయి. ఈ రెండు ఆపరేషన్లనూ ఒకే గాటన కట్టి, పక్కింటి ఆయన అనుభవం విని భయపడి, దారి పూర్తిగా మూసుకుపోయే దాకా ఆగి గొట్టంతో తిరిగే పెద్దమనుషులు మా ఊళ్ళో ఉన్నారు. భయానికి కారణం అజ్ఞానం అనుకొంటారు. కాదు, ఎవరూ చెప్పకపోవడం.

ఇప్పుడు నా సంగతి, క్లుప్తంగా. 2022లో నాకు క్యాన్సరని తేలి, నగరంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో గ్రంథి తీయించుకొన్నాను. పేరు చెప్పను, ఒక్క ఆసుపత్రి జబ్బు కాదిది. ఆపరేషను బాగా చేశారు. నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ముందుపెట్టి, వేలితో చోటు చూపించి, 'ఇక్కడ ఒక సంతకం మాస్టారూ' అన్నారు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పినవాడి ముందు! చదివి అర్థం చెప్పమంటే అక్కడి కుర్రవాడు, 'మత్తుమందు గురించి, రక్తం గురించి, మామూలేనండీ' అన్నాడు. ఆ నాలుగు పేజీల్లో మూడో పేజీ అడుగున మూత్రం ఆపుకోలేకపోవచ్చునన్న సంగతి ఒక ఇంగ్లీషు మాటగా ఉందని తరువాత చూశాను. గొట్టం తీసిన రోజు లేచి నిలబడగానే నా ప్రమేయం లేకుండా నేల తడిసింది. 'ఇంతే మాస్టారూ, ప్యాడు పెట్టుకోండి, తగ్గుతుంది' అన్నారు. ఎన్నాళ్ళకు తగ్గుతుంది, ఎలా తగ్గుతుంది, తగ్గకపోతే ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు ఆరు వారాల తరువాత, వేరేచోట, ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి జవాబు చెప్పింది. ఆ జవాబుకు పట్టిన సమయం ఇరవై నిమిషాలు.

ముందు చెప్పకపోవడాన్ని సమర్థించే వైద్యులతో నేను మాట్లాడాను. వారిలో ఇద్దరు నా శిష్యులే. గుంటూరు వైద్యకళాశాల 1946 నుంచి వైద్యులను తయారుచేస్తున్నది. ఈ చుట్టుపక్కల పాఠశాలల్లో వారిలో కొందరికి అక్షరాలు దిద్దించినవాళ్ళం మేమే. వారి వాదం: ముందే చెబితే రోగి బెదిరిపోయి ఆపరేషనుకు రాడు, క్యాన్సరు ముదురుతుంది. రెండో వాదం: ఓపీలో వంద మంది నిలబడి ఉంటే ఇవన్నీ చెప్పే తీరిక ఎవరికి?

మొదటి వాదం వినడానికి దయగా ఉంటుంది. కాని బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పరిశోధన ఒకటి జరిగింది. రక్తపరీక్షతో తొలిదశలో బయటపడిన ప్రోస్టేటు క్యాన్సరు ఉన్న 1643 మందిని మూడు వర్గాలుగా చేసి, ఒకరికి ఆపరేషను, ఒకరికి రేడియేషను, ఒకరికి కేవలం కనిపెట్టి ఉండడం అని కేటాయించారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆపరేషను వర్గంలో ఆరు నెలలకు ప్యాడు వాడుతున్నవారు నూటికి 46 మంది. ఆరేళ్ళకు 17 మంది. మిగిలిన రెండు వర్గాల్లో ఆరు నెలలనాటికి నూటికి నలుగురో అయిదుగురో. 2023లో పదిహేనేళ్ళ ఫలితాలు వచ్చాయి. ఈ క్యాన్సరుతో చనిపోయినవారు మూడు వర్గాల్లోనూ నూటికి ఇంచుమించు ముగ్గురే. మన దగ్గర చాలామంది ముదిరిన దశలో వస్తారు కనుక ఈ అంకెలు అందరికీ అతకవు, నిజమే. ముదిరినవాడికి ఆపరేషనే దారి కావచ్చు. కాని తొలిదశ రోగి ముందు మూడు దారులు ఉన్నప్పుడు, ఒక దారిలో తడి ఎక్కువన్న సంగతి దాచి సంతకం పెట్టించుకొంటే, అది అతడు ఎంచుకొన్న దారి అవుతుందా? మన సుప్రీంకోర్టే 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో తేల్చి చెప్పింది: చికిత్స ఏమిటి, దాని లాభమేమిటి, ప్రత్యామ్నాయాలేమిటి, ప్రమాదాలేమిటి అన్నవి రోగికి అర్థమయ్యేలా చెప్పాకనే సమ్మతి తీసికోవాలి. చెప్పకుండా వేయించుకొన్న సంతకం సమ్మతి కాదు, హాజరుపట్టీలో టిక్కు.

రెండో వాదానికి బడిపంతులుగా జవాబిస్తాను. పరీక్ష అయ్యాక పాఠం చెప్పే బడి ఎక్కడైనా ఉందా?

ఇక్కడ సుశ్రుతుణ్ణి పిలవక తప్పదు. మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసునని ఛాతీ విరుచుకొనే బాపతు కాదు నేను. ఆయనకు రోబోలూ తెలియవు, పీఎస్‌ఏ పరీక్షా తెలియదు. కాని చికిత్సాస్థానంలో, మూత్రాశయంలోని రాయిని కోసి తీసే పద్ధతి చెబుతూ, కత్తి తగలనీయకూడని తావులు ఎనిమిదింటిని ఆయన లెక్కపెడతాడు. వాటిలో మూత్రప్రసేకం ఒకటి. అది గాయపడితే మూత్రప్రక్షరణం, అంటే చుక్కచుక్కగా కారిపోవడం, కలుగుతుందని పేరుపెట్టి మరీ చెబుతాడు. శస్త్రానికి ముందే, ఏ తావు తెగితే ఏ కీడు కలుగుతుందో వరుసగా. అదే అధ్యాయంలో, ఈ కోత ఎంతటి నేర్పరి చేతిలోనైనా సంశయాస్పదమే కనుక, పాలకుడికి విన్నవించి అనుమతి పొందాకనే చేయాలంటాడు. ఆనాడు రాజు; ఈనాడు ఆ స్థానంలో ఉన్నవాడు రోగి. భాషాప్రవీణ చదివిన రోజుల్లో శబ్దార్థాలకోసం ఆ భాగాన్ని చదివాను. నా మూత్రప్రసేకానికి కత్తి తగిలేటప్పటికి, దాని అర్థం నాకు చెప్పినవాడు సుమారు రెండువేల ఏళ్ళ నాటివాడు ఒక్కడే. మూత్రప్రక్షరణం! మన వైద్య పరిభాషలో చేర్చుకోదగిన మాట. కాని సామాన్యుడికి 'మూత్రం జారడం' చాలు.

ఇక ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయి నేర్పిన ఇరవై నిమిషాల పాఠం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా స్త్రీవైద్య నిపుణుడు కాన్పుల తరువాత మూత్రం జారే తల్లులకోసం కటిభాగపు కింది కండరాల వ్యాయామాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మగవాళ్ళకూ ఆ కండరాలే. యోగం తెలిసినవారు మూలబంధం, అశ్వినీముద్ర అనగానే పోల్చుకొంటారు. అపానవాయువును ఆపుకొన్నట్టు, అంగాన్ని లోపలికి కురచ చేసికొన్నట్టు బిగించాలి. పొట్ట బిగించకూడదు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. మొదట రెండు మూడు సెకండ్లు, క్రమంగా పదిదాకా. పట్టు ఎంతసేపో సడలింపూ అంతసేపు. విడతకు పది, రోజుకు మూడు విడతలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం కండరమేదో గుర్తుపట్టడానికి ఒకసారి చేయవచ్చునే కాని, దానినే వ్యాయామంగా పెట్టుకోకూడదు. లేచేముందు, దగ్గేముందు బిగించి అప్పుడు లేవాలి, అప్పుడు దగ్గాలి. గొట్టం ఉన్నన్నాళ్ళూ చేయకూడదు. తీసిన వెంటనే మొదలుపెట్టాలి. అన్నిటికంటె ముఖ్యం, ఆపరేషనుకు ముందే నేర్చుకోవాలి. వాచి, నొప్పిగా, తడిగా ఉన్నప్పుడు ఏ కండరం ఎక్కడుందో కొత్తగా వెతుక్కోవడం చీకట్లో సూదికి దారం ఎక్కించడమే.

వాదం కోసం నిజాన్ని దాచడం నా వృత్తిధర్మం కాదు కనుక ఇదీ చెప్పాలి. 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద బ్రిటిష్ అధ్యయనం, ఆపరేషను తరువాత ఆరువారాలకు కూడా జారుతూనే ఉన్నవారికి ఒక్కొక్కరికి విడిగా శిక్షణ ఇప్పించినా, ఏడాది తిరిగేసరికి ఇప్పించనివారికీ వారికీ పెద్ద తేడా కనబడలేదని చెప్పింది. తొందరగా కోలుకోవడానికి వ్యాయామం తోడ్పడుతుందని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. అమెరికా మూత్రవైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు ఆపరేషనుకు ముందు వ్యాయామం సూచించవచ్చునని, తరువాత సూచించాలని చెబుతూ, అంతకంటె ముందు మరో మాట చెబుతాయి: మొదట్లో జారడం సహజమనీ, ఎక్కువమందికి ఏడాదిలోగా ఇంచుమించు పూర్వస్థితి వస్తుందనీ, కొందరికి రాదనీ, అప్పుడు చికిత్స ఉందనీ రోగికి ముందే తెలియజేయాలి. వ్యాయామం పనిచేస్తుందా లేదా అని పండితులు వాదించుకోనీయండి. చెప్పడం పనిచేస్తుందా లేదా అన్నదానిలో వాదమేముంది?

చెప్పకపోతే ఏమవుతుందో మా సహోపాధ్యాయుడు ఒకాయనను చూసి తెలిసికొన్నాను. సంస్కృతం మాస్టారు, నిష్ఠాపరుడు. టీయూఆర్‌పీ అయిన కొన్నాళ్ళకు చుక్కలు పడడం మొదలయింది. మడి చెడుతుందని సంధ్యావందనం మానేశారు. పురాణశ్రవణానికి పిలిస్తే పనుందన్నారు. ఎక్కువ తాగితేనే కదా వచ్చేదని నీళ్ళు మానేశారు. గుంటూరు ఎండాకాలంలో, మే నెలలో, నీళ్ళు మానేశారు! మూత్రం చిక్కబడి, మండి, జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడ్డాక స్కానింగులో తేలిందేమంటే, ఆయన సంచి ఖాళీయే కావడం లేదు. కోసినచోట దారి మళ్ళీ సన్నబడి, నిండిన కుండ అంచులమీదుగా పొర్లినట్టు పొర్లుతున్నది. అది తలుపు బలహీనత కాదు, తలుపు మూసుకుపోవడం. దారి సరిచేశారు, తడి ఆగింది. 'వయసు మీద పడితే ఇంతే' అన్నవారంతా ఆయనకు తొమ్మిది నెలలు తప్పుడు రోగనిర్ణయం చేసినవారే. జారడం ఒకటే అయినా కారణాలు వేరు: తలుపు బలహీనమై జారవచ్చు, సంచి తానే అదుపుతప్పి ముడుచుకోవచ్చు, నిండి పొర్లవచ్చు, చీము పట్టవచ్చు. ఒక మూత్రపరీక్ష, మూత్రం పోశాక ఒక స్కానింగు చేయించకుండా ప్యాడు చేతిలో పెట్టి పంపేది వైద్యమా?

మడి సంగతి వచ్చింది కనుక, నిష్ఠాపరులకు ఒక మాట. రోగికి నియమాలను సడలించని శాస్త్రం లేదు. మా వీథిలోని ఒక ముస్లిం మిత్రుడు చెప్పాడు, వారి ధర్మశాస్త్రంలో మూత్రం ఆగకుండా జారేవాడికి ప్రత్యేకంగా ఒక వెసులుబాటు ఉందట. ప్రతి నమాజు వేళకు కొత్తగా వజూ చేసికొని ప్రార్థించవచ్చు, మధ్యలో జారినా ప్రార్థన చెడదు. ఎంత ఆలోచించి పెట్టారు! దేవుడు ఒప్పుకొన్న తడిని బంధువులు ఒప్పుకోకపోవడమే విచిత్రం.

ఈ దేశంలో మగవాడికి మూత్రవిషయంలో సిగ్గన్నది నిజంగా ఉందా అని కూడా నాకు అనుమానం. బస్టాండు వెనుక గోడమీద 'ఇచట మూత్రము పోయరాదు' అన్న అక్షరాలకు సరిగ్గా గురిచూసి పోసే స్వాతంత్ర్యం మనది. పట్టపగలు రోడ్డుకు వీపు తిప్పి నిలబడితే నాగరికతకు భంగం లేదు; ముసలివాడి పంచె మీద రూపాయంత మరక కనబడితే మాత్రం తలలు తిరిగిపోతాయి.

అరవయ్యేళ్ళ పంతులు కుర్చీలోంచి లేచేటప్పుడు జాగ్రత్తపడితే సరిపోతుంది. మిర్చి యార్డులో టిక్కీలు ఎత్తే హమాలీ? బరువెత్తిన ప్రతిసారీ జారితే అతడు పనికి పోలేడు. పని పోయిందని ఎవరికీ చెప్పలేడు. మోకాలు నొప్పి అంటాడు. మిరపచేలో, పత్తిచేలో రోజంతా వంగి లేచే రైతుకూ అంతే. ఇక్కడ ఒక పిడకలవేట: మన మిరపకాయలోని ఘాటు పదార్థం క్యాప్సైసిన్‌ను, అదుపుతప్పిన మూత్రాశయాన్ని శాంతింపజేయడానికి 1990లలో సంచిలోకి ఎక్కించి ప్రయోగాలు చేశారు. నోటిద్వారా ఎక్కిస్తే మాత్రం కొందరికి అది సంచిని మరింత రెచ్చగొడుతుంది. కాఫీ, టీలు కూడా. వాటిని తగ్గించి చూడవచ్చు, నీళ్ళు తగ్గించకూడదు.

తెల్లబంగారం పండించే ఈ నేలమీద, ప్యాడు కొనలేక పాతపంచెల పీలికలు మడిచి పెట్టుకొనేవారున్నారు. ఒరిసి పుండ్లు పడతాయి. స్త్రీల శానిటరీ న్యాప్‌కిన్ల మీద జీఎస్టీని 2018 జూలైలో ఎత్తివేశారు, మంచిపని. రోగులు వాడే డైపర్ల మీద మాత్రం 2025 సెప్టెంబరు దాకా పన్నెండు శాతం వసూలు చేశారు, ఆ తరువాత అయిదుకు తగ్గించారు. ఇన్నేళ్ళలో ఒక్క ఊరేగింపు, ఒక్క వినతిపత్రం నా కంటపడలేదు. ఊరేగేవారెవరు? సగం దూరం నడిచేసరికి పంచె తడుస్తుంది.

ప్యాడు మార్చుకొన్నాక పారవేయడమెక్కడ? మన బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో, సినిమాహాళ్ళలో మగవాళ్ళ మరుగుదొడ్డిలో చెత్తబుట్ట చూశారా? జపాన్‌లోని సైతామా నగరం 2022లో ప్రభుత్వ భవనాల మగవారి మరుగుదొడ్లలో ఇందుకోసమే మూతబుట్టలు పెట్టించింది. బ్రిటన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ యూకే అనే సంస్థ ఇదే కోరికతో ఉద్యమం నడిపింది. నేను నల్లపాడు నుంచి హైదరాబాదు పోయి వచ్చిన ప్రయాణాల్లో, వాడిన ప్యాడును పొట్లం కట్టి, ఉపాధ్యాయ సంఘం వారిచ్చిన చేతిసంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చుకొన్నాను. ఒక ప్లాస్టిక్ బుట్ట ఖరీదెంత?

ఏడాది దాటినా తగ్గనివారి మాట. అసలు అంతదాకా ఆగాలని లేదు. ఆరు నెలలకే, ఇక మెరుగు లేదనిపిస్తే, శస్త్రచికిత్స సంగతి ఆలోచించవచ్చునని పైన చెప్పిన మార్గదర్శకాలే అంటాయి. కొద్దిగానో మధ్యస్థంగానో జారేవారికి మూత్రనాళం కింద ఉయ్యాలలాంటి పట్టీ అమర్చి లేవనెత్తుతారు. ఎక్కువగా జారేవారికి కృత్రిమమైన తలుపు ఉంది. 1970ల నుంచీ ఉంది! నాళం చుట్టూ నీటితో నిండిన చిన్న పట్టీ, వృషణాల సంచిలో మీట, పొత్తికడుపులో బుడగ. మీట నొక్కితే పట్టీలోని నీరు బుడగలోకి పోయి దారి తెరుచుకొంటుంది. కొన్ని నిమిషాల్లో నీరు తనంతట తిరిగొచ్చి మూసుకొంటుంది. ఖర్చు లక్షల్లో. కొన్నేళ్ళకు అరిగి మళ్ళీ కోయవలసి రావచ్చు. పట్టీనీ కృత్రిమ తలుపునూ పోల్చి 2021లో ప్రచురించిన బ్రిటిష్ అధ్యయనంలో, రెండు వర్గాల్లోనూ ఏడాదికి ఎక్కువమందికి ఎంతోకొంత తడి మిగిలే ఉంది, అయినా ఎక్కువమంది తృప్తిగానే ఉన్నారు. చుక్క పడని జీవితం ఎవరూ వాగ్దానం చేయలేరు. పెళ్ళికి పోయి పంక్తిలో కూర్చుని భోంచేసి లేవగలిగే జీవితం చాలామందికి సాధ్యం. ఈ రెండు సదుపాయాలూ మన దేశంలో ఉన్నాయన్న సంగతి, ఏళ్ళతరబడి జారుతున్న మా ఊరి నలుగురిలో ఒక్కరికీ తెలియదు.

డాక్టర్ సమరం గారు లైంగిక విషయాలను వారపత్రికల్లో విప్పి రాసినప్పుడు పండితులు చెవులు మూసుకొన్నారు, పాఠకులు ఇంటి వెనుక కూర్చుని చదివారు. మేలు జరిగింది చదివినవారికే. ఆ తెగువ ఈ విషయానికీ కావాలి. వైద్యులకు తీరిక లేదు కనుక, ఆపరేషనుకు ముందు రోగి చేతికి ఇవ్వవలసిన కాగితాన్ని నేనే రాశాను. భాష దోషాలుంటే మీరు దిద్దండి, వైద్యం దోషాలుంటే మన బ్లాగుల్లోని వైద్యమిత్రులు దిద్దాలి. నా పేరు అవసరం లేదు, ఎవరైనా అచ్చు వేసికోవచ్చు.

"అయ్యా, మీ ప్రోస్టేటు గ్రంథిని తీయబోతున్నాము. గొట్టం తీసిన తరువాత కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు, మీకు తెలియకుండా మూత్రం జారుతుంది. ఇది మీ తప్పు కాదు. ఎక్కువమందికి ఏడాదిలోపల తగ్గుతుంది. కొందరికి పూర్తిగా తగ్గదు. వారికి వేరే చికిత్సలున్నాయి, మమ్మల్ని అడగండి. మీకు ఆపరేషను కాక వేరే దారి ఉంటే అదేమిటో కూడా ఇప్పుడే అడగండి. బిగించే వ్యాయామం ఆపరేషనుకు ముందే నేర్పుతాము. ఇంటికి పోయేటప్పుడు ప్యాడ్లు, రెండు జతల బట్టలు తెచ్చుకోండి. నీళ్ళు మానకండి. మూత్రం మంటగా ఉన్నా, జ్వరం వచ్చినా, ధార సన్నబడినా, ముక్కి పోయవలసి వచ్చినా ఆలస్యం చేయకుండా రండి. ఆరు నెలలకు కూడా తడి ఇబ్బంది పెడుతుంటే, పిలవకపోయినా రండి. ఇది చదవలేనివారికి సిస్టరుగారు చదివి వినిపించాలి. చదివి వినిపించినట్టు కింద సంతకం ఆమె పెట్టాలి, మీరు కాదు."